పాటకు పట్టా

పదిహేనేళ్ల కిందట నేనొక చిన్న పుస్తకం అచ్చు వేశాను. మా ప్రాంతంలో నాట్లప్పుడూ కలుపులప్పుడూ ఆడవాళ్లు పాడుకునే పాటలు అరవై దాకా అందులో వున్నాయి. అట్ట మీద పుస్తకం పేరు, దాని కింద పెద్ద అక్షరాల్లో నా పేరు. ‘సేకరణ’ అనే మాట మాత్రం చిన్న అక్షరాల్లో. ముందుమాటలో శ్రమజీవుల నోట పుట్టిన సాహిత్యం గురించి రెండు పేజీలు రాశాను గాని, ఆ శ్రమజీవుల్లో వొక్కరి పేరూ రాయలేదు. మిత్రులు మెచ్చుకున్నారు. పత్రికలు సమీక్షించాయి. ఆ పాటల్లో సగానికి పైగా పాడి వినిపించిన ముసలమ్మ మనమరాలు మా కాలేజీలోనే ఇంటర్మీడియెట్ చదువుతూ వుండేది. వొకరోజు ఆ పిల్ల పుస్తకం చేత్తో పట్టుకొని మా గది గుమ్మంలో నిలబడి, “ఇందులో మా నాయనమ్మ పేరు ఏ పేజీలో వుంది సార్?” అని అడిగింది. నిలదీయడానికి కాదు, వెతికి వెతికి దొరక్క అడిగింది.

నేనేదో జవాబు చెప్పాను. జానపదగేయానికి కర్త వుండడనీ, అది జాతి మొత్తానికి చెందిన సొత్తనీ, తరగతిలో మనం చెప్పే మాటలే చెప్పాను. ఆ పిల్ల విని వెళ్లిపోయింది. జవాబు మాత్రం నా గొంతులోనే అడ్డం పడింది. జాతి సొత్తయితే అట్ట మీద నా పేరెందుకున్నట్టు?

ఆ ప్రశ్న పట్టుకొని నేను చదివిన చదువు నన్ను మన పొలాల నుంచి చాలా దూరం, అమెరికా దక్షిణ రాష్ట్రాల కొండల్లోకి తీసుకుపోయింది. జనం పాట సొంత ఆస్తిగా మారడం లోకంలో చాలాచోట్ల జరిగిందే గాని, అక్కడ జరిగినంత బాహాటంగా, చట్టప్రకారం, తేదీలు వేసి పద్దులు రాసి జరగడం నేనింకెక్కడా చూడలేదు. ఆ పని చేసినవాడు రాల్ఫ్ పీర్. ఇవాళ ‘కంట్రీ’ సంగీతమని లోకమంతా పిలిచే కోట్ల డాలర్ల వ్యాపారానికి పునాది వేసినవాళ్లలో అతడొకడు. అతను పాటకాడు కాదు, కవి కాదు, వాయిద్యగాడు కాదు. సంగీత ప్రచురణకర్త.

సంగీత ప్రచురణ అంటే ఏమిటో ఇక్కడ కొంచెం చెప్పుకోవాలి. పూర్వం దాని అర్థం తేలికగానే వుండేది: పాటకు స్వరాలు కూర్చి, మాటలతో సహా కాగితం మీద అచ్చువేసి అమ్మడం. పియానో వున్న ఇళ్లవాళ్లు ఆ కాగితాలు కొనుక్కొనేవాళ్లు. ఆ తరువాత యంత్రాలు వచ్చాయి. చిల్లులు పొడిచిన కాగితపు చుట్ట పెడితే దానంతటదే మోగే పియానో వచ్చింది, గ్రామఫోను వచ్చింది. ఆ చుట్టను పాటకు నకలు కింద లెక్కించరాదని 1908లో అమెరికా సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది, కనక దాని మీద సంగీతకర్తకు దమ్మిడీ రాదన్నమాట. సంగీతకర్తలు గొడవ చేశారు. పార్లమెంటు 1909లో కొత్త కాపీరైటు చట్టం చేసి మధ్యేమార్గం పట్టింది. హక్కుదారు వొకసారి తన పాటను యంత్రం మీదికి ఎక్కనిస్తే, ఆ తరువాత ఎవరైనా దాన్ని రికార్డు చేసుకోవచ్చు. అయితే తయారైన ప్రతి కాపీకీ పాటకు 2 సెంట్ల చొప్పున హక్కుదారుకు చెల్లించాలి. ఈ 2 సెంట్ల రేటు 1977 ఆఖరు దాకా, అంటే దాదాపు డెబ్బయి ఏళ్లు, అంగుళం కదల్లేదు. బియ్యం ధర మారింది, బొగ్గు ధర మారింది, రెండు ప్రపంచ యుద్ధాలు జరిగాయి. పాట ధర మారలేదు.

ఈ చట్టంలో ‘హక్కుదారు’ అన్న మాటను గమనించాలి. పాట కట్టినవాడని కాదు, పాడినవాడని కాదు. ఎవరి పేరున పాట దాఖలైవుందో వాడు. మన పల్లెల్లో భూమి సంగతి తెలిసినవాళ్లకు దీన్ని విడమరచి చెప్పనక్కరలేదు. ఊరుమ్మడి బంచరాయి మీద తరతరాలుగా అందరి పశువులూ మేస్తాయి. వొకనాడు ఎవడో కరణం దగ్గరికి పోయి తన పేర ఎక్కించుకుంటాడు. గడ్డి అదే, పశువులు అవే. మరునాటి నుంచి పుల్లరి మాత్రం అతనికి కట్టాలి.

పీర్ 1892లో మిస్సోరీ రాష్ట్రంలోని ఇండిపెండెన్స్‌లో పుట్టాడు. తండ్రిది కుట్టుమిషన్లు, గ్రామఫోన్లు అమ్మే దుకాణం. అంటే పాట అనేది అతనికి చిన్నప్పటి నుంచీ బల్ల మీద పెట్టి అమ్మే సరుకుగానే పరిచయమైందన్నమాట. దుకాణం నుంచి కొలంబియా కంపెనీకీ, అక్కడి నుంచి న్యూయార్కులోని ఓకే అనే రికార్డు కంపెనీకీ చేరాడు. 1920లో ఆ కంపెనీ మామీ స్మిత్ అనే నల్లజాతి గాయని చేత బ్లూస్ పాట పాడించి రికార్డు వేస్తే నల్లవాళ్లు ఎగబడి కొన్నారు. అంతవరకు కంపెనీల దృష్టిలో నల్లవాళ్లు శ్రోతలే కారు. 1923 జూన్‌లో పీర్ అట్లాంటా వెళ్లాడు. అక్కడ పోక్ బ్రాక్‌మన్ అనే ఫర్నిచరు వర్తకుడుండేవాడు. (ఆ రోజుల్లో గ్రామఫోను బీరువాల పక్కన నిలబెట్టి అమ్మే సామాను, కాబట్టి రికార్డులు కూడా అదే దుకాణంలో దొరికేవి.) అతని బలవంతం మీద ఫిడ్లింగ్ జాన్ కార్సన్ అనే పల్లె ఫిడేలుకారుణ్ణి రికార్డు చేశారు. ఆ పాట పరమ ఘోరంగా వుందని పీర్ అన్నట్టు చెప్పుకుంటారు. బ్రాక్‌మన్ అడిగిన మొదటి 500 కాపీలు చూస్తుండగానే అమ్ముడుపోయాయి. పీర్‌కు చెవి లేకపోవచ్చు గాని లెక్క వుంది. వెంటనే అభిప్రాయం మార్చుకున్నాడు.

ఇక్కడొక చమత్కారం వుంది. కార్సన్ పాడిన పాటను శ్రోతలు తాతముత్తాతల నాటి పల్లెపాట అనుకున్నారు. నిజానికది విల్ హేస్ అనే కెంటకీ రచయిత 1871లో రాసి అచ్చు వేయించింది. యాభై ఏళ్లు జనం నోట్లో నానేసరికి దాని మీద కర్త పేరు చెరిగిపోయింది. ‘జానపదం’ ఒక చోటా, ‘కర్తృత్వం’ ఇంకొక చోటా గోడ కట్టుకొని కూర్చోవు. పాట ఆ గుమ్మం నుంచి ఈ గుమ్మానికి తిరుగుతూనే వుంటుంది. తలుపు ఎవరు వేస్తారు, ఎప్పుడు వేస్తారు అన్నదే ప్రశ్న.

తలుపు వేసే అవకాశం పీర్‌కు 1926లో వచ్చింది. విక్టర్ అనే పెద్ద కంపెనీతో బేరమాడి జీతం లేకుండా పని చేస్తానన్నాడు. దక్షిణ రాష్ట్రాలకు వెళ్లి గాయకుల్ని వెతికి తెస్తాను, పాటలు ఎంచుతాను, రికార్డింగులు నడుపుతాను. నాకు కావలసిందల్లా ఆ పాటల ప్రచురణ హక్కు. కంపెనీ దొరలు లోలోపల నవ్వుకొని వుంటారు. ఆ కొండమనుషుల పాటలకు ప్రచురణ హక్కేమిటి? వాళ్ల ఇళ్లలో పియానోలు లేవు, స్వరాల కాగితాలు కొనేవాళ్లు లేరు. న్యూయార్కు ప్రచురణకర్తలందరూ కాగితం వైపే చూస్తున్నారు. పీర్ వొక్కడు చట్టంలోని 2 సెంట్ల వైపు చూశాడు.

లెక్క వేసి చూడండి. రికార్డుకు రెండు పక్కలా రెండు పాటలు, అంటే 4 సెంట్లు. లక్ష రికార్డులు అమ్ముడైతే 4,000 డాలర్లు. పాడినవాళ్లకు పాటకు 50 డాలర్ల చొప్పున రొక్కం, అంటే ఆ రికార్డుకు నూరు డాలర్లు. పీర్ తన రాయల్టీలో గాయకులకు కొంత భాగం ఇచ్చేవాడు. ఆ మాట దాచకూడదు. చాలా కంపెనీలు చేతిలో నాలుగు నోట్లు పెట్టి గాయకుణ్ణి సాగనంపే రోజుల్లో, కొండ గాయకుడికి అమ్మకాల మీద వాటా అనేది చూపించినవాడు పీర్. అందుకే అతణ్ణి వట్టి దొంగ అనే విమర్శకులతో నేను ఏకీభవించను. దొంగ రాత్రిపూట వస్తాడు. పీర్ పట్టపగలు, పత్రికలో వార్త వేయించి, కుర్చీ వేసుకొని కూర్చుని, ఒప్పందం చదివి వినిపించి, సంతకం పెట్టించుకొని డబ్బు ఇచ్చాడు. పెట్టుబడి తన అసలు పని దొంగతనంగా కాదు, మర్యాదగానే చేసుకుపోతుంది.

అయితే ఈ బేరంలో వొక షరతు ఇమిడివుంది. ఇదివరకే ఇంకొకరి పేరున దాఖలైన పాట పాడితే 2 సెంట్లు ఆ ఇంకొకరికి పోతాయి. కనక పీర్‌కు పనికివచ్చే పాట ‘కొత్తది’ కావాలి. లేదా పాతదే అయినా ఎవరూ దాఖలు చేసుకోనిది, పేరు పెట్టుకోవడానికి వీలుగా మార్చుకున్నది కావాలి. కొనేవాళ్లకు మాత్రం పాత వాసన వుండాలి. పాతగా వినిపించే కొత్త పాట! ‘కంట్రీ’ సంగీతపు స్వభావమంతా ఈ అవసరంలోంచి పుట్టిందని నేను అనను గాని, దానికి ఈ అవసరం పెట్టిన ముద్ర ఇవాళ్టికీ పోలేదు. ఇల్లు, తల్లి, చిన్ననాటి వూరు, వదిలివచ్చిన గుడిసె — ఏటా కొత్తగా తయారయ్యే ఈ పాతకాలపు బెంగ అంతా కవి హృదయంలోంచే వచ్చిందనుకుంటే అమాయకత్వం.

1927 జూలైలో పీర్ ఇద్దరు ఇంజనీర్లతో, కొత్తగా వచ్చిన విద్యుత్ మైక్రోఫోన్లతో బ్రిస్టల్ అనే వూళ్లో దిగాడు. ఆ వూరి నడివీధి మధ్యగా టెన్నెసీ, వర్జీనియా రాష్ట్రాల సరిహద్దు పోతుంది. ఖాళీగా వున్న వొక టోపీల కంపెనీ భవనం మేడమీద చప్పుడు రాకుండా దుప్పట్లు వేలాడగట్టి రికార్డింగు మొదలుపెట్టారు. మొదట జనం పలచగానే వచ్చారు. పీర్ స్థానిక పత్రికవాళ్లను పిలిపించి రికార్డింగు చూపించాడు. అప్పటికే రికార్డులిచ్చిన ఎర్నెస్ట్ స్టోన్‌మన్ అనే వడ్రంగి అంతకుముందు ఏడాది 3,600 డాలర్లు సంపాదించాడని ఆ పత్రిక రాసింది. ఇంకేముంది! ఆగస్టు 5 దాకా కొండల్లోంచి జనం దిగుతూనే వున్నారు. మొత్తం 19 బృందాలవాళ్లు, 76 పాటలు. ఆ జనంలో జిమ్మీ రాడ్జర్స్ వొకడు: మిసిసిప్పీవాడు, రైళ్లలో బ్రేక్‌మన్‌గా పనిచేసి, క్షయ పట్టుకొని, ఆ పని చేయలేక పాటను నమ్ముకున్నవాడు. తన వెంట వచ్చిన బృందంతో రికార్డు మీద ఎవరి పేరు వేయాలన్న తగాదా వచ్చి విడిపోయి, ఆగస్టు 4న వొంటరిగా రెండు పాటలు పాడాడు. అతనికి వచ్చింది నూరు డాలర్లు. ఏడాది తిరక్కుండానే దేశమంతా అతని గొంతే. రైలు కూలీల నోట, అందులోనూ నల్ల కూలీల నోట, విన్న బ్లూస్ అతని పాటకు నెత్తురు. 1933 మే 26న న్యూయార్కులో చనిపోయాడు. అంతకు రెండు రోజుల ముందు కూడా పాటకూ పాటకూ మధ్య మంచం మీద పడుకొని సేదతీరుతూ రికార్డింగు ఇచ్చాడు. వయసు 35.

నాకు అంతకంటె ముఖ్యమైనవాళ్లు ఆగస్టు 1న వచ్చారు. వర్జీనియాలో పూర్ వ్యాలీ అనే లోయ వుంది. పేరులోనే పేదరికం. అక్కడి మేసెస్ స్ప్రింగ్ అనే పల్లె నుంచి ఏ.పి. కార్టర్, అతని భార్య సారా, మరదలు మేబెల్ పాతిక మైళ్ల గతుకుల దారిలో తమ్ముడి కారు అడిగి తీసుకొని వచ్చారు. ఏ.పి. ఊరూరా తిరిగి పండ్ల మొక్కలు అమ్మేవాడు. సారా చంకలో పసిబిడ్డ. మేబెల్‌కు పద్దెనిమిదేళ్లు, నిండు గర్భిణి. పాడింది ముఖ్యంగా సారా; గిటారు వాయించింది మేబెల్. రెండో రోజు ఉదయం ఏ.పి. రాలేదు. ఆడవాళ్లిద్దరే రెండు పాటలు ఇచ్చారు. రెండు రోజులకూ కలిపి ఆరు పాటలు, 300 డాలర్లు.

ఆ తరువాత జరిగింది చూడండి. 1928 జనవరిలో పీర్ ‘సదరన్ మ్యూజిక్’ అనే ప్రచురణ సంస్థ పెట్టాడు. కార్టర్ కుటుంబం పాటలకు ప్రచురణకర్త ఆ సంస్థ. కర్త, చాలా పాటల మీద, ఏ.పి. కార్టర్. 1941 దాకా వాళ్లు రికార్డు చేసినవి సుమారు 300. ఏ.పి. సొంతంగా కట్టినవీ వున్నాయి, కాదనను. కాని ‘కీప్ ఆన్ ది సన్నీ సైడ్’ అనే పాట ఏడా బ్లెంక్‌హార్న్ అనే ఆమె మాటలకు హోవర్డ్ ఎంట్‌విజిల్ వరుస కట్టిన 1899 నాటి భక్తిగీతం. ‘వైల్డ్‌వుడ్ ఫ్లవర్’ 1860లో జోసెఫ్ వెబ్‌స్టర్ స్వరపరచి అచ్చు వేసిన పాట నోళ్లలో మాటలు మారిపోయి మిగిలినది. అది మేబెల్ తన తల్లి దగ్గర నేర్చుకున్న పాట. ‘కెన్ ది సర్కిల్ బి అన్‌బ్రోకెన్’ 1907 నాటి వొక కీర్తనకు కొత్త బట్టలు తొడిగినది. నోటి నుంచి నోటికి పోతూ పాట మారడం జానపద ధర్మం. చివరి మార్పు చేసినవాడి పేరున రిజిస్టరు కావడం మాత్రం జానపద ధర్మం కాదు. పాడిన గొంతు సారాది, లోకమంతా అనుకరించిన గిటారు బాణీ మేబెల్‌ది. కర్త స్థానంలో మాత్రం ఇంటి యజమాని పేరు. మన పట్టాలు కూడా అంతే కదా.

రిజిస్టరుకు ఎన్నడూ ఎక్కని పేరు ఇంకొకటి వుంది. పీర్‌కు ప్రతి రికార్డింగుకూ కొత్త పాటలు కావాలి. ఇంట్లో తెలిసిన పాటలు అయిపోయాయి. ఏ.పి. కొండల వెంట పడి పాటలకోసం తిరగసాగాడు. అతను మాటలు కాగితం మీద రాసుకోగలడు గాని వరుస మనసులో నిలబెట్టుకోలేడు. 1928లో అతనికి లెస్లీ రిడిల్ అనే నల్లజాతి యువకుడు పరిచయమయ్యాడు. కింగ్స్‌పోర్టు సిమెంటు కర్మాగారంలో ప్రమాదంలో వొక కాలు పోగొట్టుకున్నవాడు. మంచి గిటారు విద్వాంసుడు. ఇద్దరూ కలిసి తిరిగారు. ఏ.పి. మాటలు రాసుకొనేవాడు, రిడిల్ వరుస పట్టేవాడు. తెల్లవాళ్ల పేటకూ నల్లవాళ్ల పేటకూ మధ్య చట్టమే గోడ కట్టిన ఆ కాలంలో, ఏ.పి. వొంటరిగా పోలేని ఇళ్లకు, చర్చీలకు రిడిల్ వల్ల దారి దొరికింది. మేబెల్ గిటారు వాయింపులో రిడిల్ చెయ్యి వుంది. అయినా ఆ కాలంలో అతని పేరున వొక్క రికార్డు లేదు, వొక్క పాట దాఖలు కాలేదు. 1960లలో మైక్ సీగర్ అనే జానపద గాయకుడు, మేబెల్ చెప్పగా, రాచెస్టర్ నగరంలో వున్న అతణ్ణి వెతికి పట్టుకొని పాటలు రికార్డు చేశాడు. అవి 1993లో ఆల్బముగా వెలువడేనాటికి రిడిల్ బతికి లేడు.

ఇక్కడ పీర్ చేసిన రెండో పని కూడా చెప్పాలి. అతను, అతని తోటివాళ్లు కలిసి దక్షిణ రాష్ట్రాల పాటను రెండు క్యాటలాగులుగా చీల్చారు. నల్లవాళ్లకు అమ్మేవి ‘రేస్’ రికార్డులు. పల్లె తెల్లవాళ్లకు అమ్మేవి మొదట ‘పాతకాలపు పాటలు’, తరువాత ‘హిల్‌బిల్లీ’, అంటే కొండమోటు పాటలు. ఆ తిట్టుమాట 1925లో పీర్ వొక బృందానికి పేరుగా పెట్టగా వ్యాపారంలో పాతుకుపోయింది. (1949లో బిల్‌బోర్డ్ పత్రిక ‘కంట్రీ అండ్ వెస్టర్న్’ అని మార్చేదాకా మర్యాదైన పేరు స్థిరపడలేదు.) నిజానికి పాటకు ఈ చీలిక తెలియదు. రిడిల్ పాట కార్టర్ల నోట పలికింది. జిమ్మీ రాడ్జర్స్ 1930లో పాడిన వొక పాటకు బాకా వూదినవాడు లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్, లేబులు మీద అతని పేరు లేకపోయినా. పాడే చోట కలిసివున్నవాళ్లను అమ్మే చోట విడదీశారు. ఆ విడదీత ఎంత బలంగా నాటుకుందంటే, ‘కంట్రీ’ తెల్లవాళ్ల సంగీతమని అక్కడి తెల్లవాళ్లూ నల్లవాళ్లూ కూడా వొక తరం నమ్మారు. హక్కుల రిజిస్టరు దగ్గర మాత్రం పీర్‌కు రంగుభేదం లేదు: మెంఫిస్ జగ్ బాండ్ వంటి నల్లజాతి బృందాలను కూడా అతనే రికార్డు చేశాడు, వాటి పాటల మీదా అదే ప్రచురణ పద్ధతి నడిపాడు.

ఈ కథలో ఇంకొక ముడి వుంది, దాన్ని విప్పకుండా దాటేస్తే మనం విమర్శకులం కాము, వకీళ్లం అవుతాము. ఆ 2 సెంట్ల ఆశ లేకపోతే ఏ.పి. కార్టర్ ఆ కొండలు ఎక్కేవాడు కాడు. రిడిల్ వరుసలు పట్టేవాడు కాడు. ఆ పాటల్లో చాలా భాగం పాడినవాళ్లతోపాటే మట్టిలో కలిసేవి. అంతకుముందు 1916–18లో సెసిల్ షార్ప్ అనే ఇంగ్లీషు పండితుడు అవే కొండల్లో పాటలు సేకరించాడు. డబ్బు ఆశతో కాదు, శాస్త్రదృష్టితో. కాని ఆయనకు కావలసింది ఇంగ్లండు నుంచి వచ్చిన ప్రాచీన గేయాలు. నల్లవాళ్ల పాట ఆయన చెవికి ఎక్కలేదు. నిస్వార్థ పండితుడు వదిలేసినదాన్ని లాభాపేక్ష గల వర్తకుడు పోగుచేశాడు. ఇది మనకు రుచించకపోవచ్చు, కాని జరిగింది ఇది.

పీర్ తరువాతి జీవితం త్వరగా చెప్పేస్తాను. ఆర్థిక మాంద్యంలో రికార్డుల వ్యాపారం కూలిపోయింది. 1927లో పది కోట్లకు పైగా వున్న అమ్మకాలు 1932కి 60 లక్షలకు పడిపోయాయని అంచనా. రికార్డు కంపెనీలు మునిగిపోతుంటే హక్కుల కాగితాలున్న పీర్ మునగలేదు. 1932లో సదరన్ మ్యూజిక్ పూర్తిగా అతని చేతికి వచ్చింది. యంత్రాలు, గిడ్డంగులు, జీతగాళ్లు వున్నవాడికి మాంద్యం భారం. బీరువాలో కాగితాలున్నవాడికి నిరీక్షణ మాత్రమే. తరువాత రేడియో వచ్చింది. 1914లో పుట్టిన ఆస్కాప్ అనే సంగీతకర్తల సంఘం నగరపు పాటలకు రేడియో నుంచి రుసుము వసూలు చేసేది. కొండ పాటగాళ్లను, బ్లూస్ గాయకులను దాదాపు గుమ్మం తొక్కనిచ్చేది కాదు. రుసుము పెంచేసరికి రేడియో యజమానులు 1939లో బి.ఎం.ఐ. అనే పోటీ సంస్థ పెట్టి, 1941లో సుమారు పది నెలలు ఆస్కాప్ పాటలు ప్రసారం చేయడం మానేశారు. గాలిలో ఖాళీ ఏర్పడింది. దాన్ని నింపడానికి పీర్ బీరువా సిద్ధంగా వుంది: కొండపాటలతోపాటు మెక్సికో, క్యూబా పాటలు కూడా అందులో వున్నాయి. యజమానుల తగాదా వల్ల పేదవాడి పాటకు రేడియోలో చోటు దొరికింది. 1942లో నాష్‌విల్‌లో గాయకుడు రాయ్ అకఫ్, రచయిత ఫ్రెడ్ రోజ్ కలిసి అకఫ్–రోజ్ అనే ప్రచురణ సంస్థ పెట్టడంతో ఆ వూరే వ్యాపారానికి రాజధాని అయింది. ఆ సంస్థ చేతిలోని పాటలు 2002లో 15 కోట్ల 70 లక్షల డాలర్లకు చేతులు మారాయి.

పీర్ 1960 జనవరిలో చనిపోయాడు. ముసలితనంలో అతనికి కమేలియా పూల మొక్కలంటే పిచ్చి. వాటిలో అంతర్జాతీయంగా పేరుపొందిన నిపుణుడు. పండ్ల మొక్కలు అమ్మిన ఏ.పి. కార్టర్ సొంత పల్లెలో చిన్న కొట్టు నడుపుకుంటూ అదే ఏడు నవంబరులో చనిపోయాడు. బ్రిస్టల్‌ను ‘కంట్రీ’ సంగీతపు పుట్టినిల్లుగా 1998లో అమెరికా పార్లమెంటు గుర్తించింది. అయినా అక్కడ తయారై 1927లో విడుదలైన రికార్డుల మీద హక్కు 2027 ఆఖరు దాకా కొనసాగేటట్టు చట్టం వుంది. వూరు జాతిది, రికార్డు కంపెనీది.

ఈ కథ విని మన మిత్రులు కొందరు, “పెట్టుబడిదారు కాబట్టి అలా చేశాడు” అంటారు. అంత సులభంగా బయటపడలేము. లెడ్‌బెల్లీ అనే నల్లజాతి గాయకుణ్ణి లోకానికి పరిచయం చేసిన జాన్ లోమాక్స్ గొప్ప జానపద పరిశోధకుడు. లెడ్‌బెల్లీ పాడిన ప్రసిద్ధ పాట మీద సహకర్తగా ఆయన పేరు కూడా వుంది. ఆ పాట 1950లో దేశమంతా మారుమోగే నాటికి లెడ్‌బెల్లీ చనిపోయి నెలలైంది. దాన్ని మారుమోగించిన వీవర్స్ బృందం వామపక్షం వాళ్లు, మెకార్తీ వేటలో దెబ్బతిన్నవాళ్లు. వాళ్లు కూడా జనం పాటలను ‘పాల్ కాంప్‌బెల్’ అనే లేని మనిషి పేరున దాఖలు చేశారు. అందులో దక్షిణాఫ్రికా జూలూ గాయకుడు సాలొమన్ లిండా 1939లో రికార్డు చేసిన పాట కూడా పడింది. పీట్ సీగర్‌కు అది మనసులో ముల్లయింది. లిండాకు వెయ్యి డాలర్లు పంపించాడు. లిండా 1962లో పేదరికంలో చనిపోయాడు. అతని కూతుళ్లకు 2006లో గాని న్యాయం కొంతైనా జరగలేదు. దాఖలు చేసేవాడి ఆశయం ఏదైనా, రిజిస్టరులో గడి వొక్కటే: కర్త పేరు. అందులో ఏదో వొక పేరు రాయాలి. రాయకపోతే ఇంకొకడు రాసుకుంటాడు.

మన చట్టం సంగతి కూడా వొక మాట. సినిమా పాట మీద నిర్మాతదే హక్కని 1977లో మన సుప్రీంకోర్టు చెప్పింది. 2012 సవరణతో గీతరచయితకు, సంగీతకర్తకు రాయల్టీ హక్కు వచ్చింది. దాన్ని నిర్మాతకు రాసి ఇచ్చినా చెల్లదు. మంచిదే. కాని నాట్లలో పదిమంది కలిసి అల్లిన పాట, వొకామె అందుకుంటే ఇంకొకామె చరణం కలిపిన పాట, ఆ చట్టం గడుల్లో ఎక్కడా ఇమడదు. దాన్ని ఏ సినిమావాడైనా తీసుకోవచ్చు, రెండు మాటలు మార్చి తన పేరు వేసుకోవచ్చు. పుస్తకం వేసే మాస్టరు కూడా ఆ పనే చేయవచ్చు.

పోయినేడు నా పుస్తకం రెండో ముద్రణ వేయవలసివచ్చింది. ఈసారి పేర్లు వేద్దామని ఆ వూరు వెళ్లాను. ముసలమ్మ ఇప్పుడు లేదు. ఆమెతో కలిసి పాడినవాళ్లలో నలుగురు వున్నారు. ఏ పాట ఎవరిదో చెప్పమని అడిగి కాగితం తీశాను. గంటసేపు వాళ్లలో వాళ్లే వాదించుకున్నారు. వొక పాట తన అత్తదని వొకామె అంది. కాదు, ఆ అత్త మా పుట్టింటి వూరినుంచి తెచ్చుకుందని ఇంకొకామె అంది. మూడో ఆమె, తన పేరు వద్దనీ, చిన్నప్పుడు చచ్చిపోయిన తన అక్క పేరు వేయమనీ అడిగింది. ఆ చరణం అక్కదట. నలుగురి పేర్లూ, ముసలమ్మ పేరూ, ఆ అక్క పేరూ, రెండు వూళ్ల పేర్లూ రాసుకొని తెచ్చాను. ప్రెస్సులో కంపోజింగు చేసే కుర్రవాడు అట్ట ప్రూఫు తెచ్చి ఇన్ని పేర్లు అట్ట మీద పట్టవు మాస్టారూ అన్నాడు. అక్షరాల సైజు తగ్గించమన్నాను.